దోస్తు పళ్లెంలోకి పోయిన బొచ్చె తలకాయ

పెళ్లిచూపుల్లో పరువు పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. చాయ్ ప్యాంటు మీద ఒలకబోసుకున్నవాళ్లు, పిల్ల అనుకుని పిల్ల పిన్నిని చూసి తలూపినవాళ్లు, ఎవరూ అడగకుండానే పాట అందుకున్నవాళ్లు. వాళ్లందరినీ ఒక వరుసలో నిలబెట్టండి. ఆ వరుసకు ముందు ఒక కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టండి. ఎందుకంటే ఒక్క చెడ్డమాట అనకుండా, అన్నం తింటూ తింటూనే, నేను ప్రాణంగా చూసుకుంటున్న పిల్లను పక్కన కూర్చున్న దోస్తుకు అప్పజెప్పిన ఘనుణ్ణి నేను. అదీ ఆమె తల్లిదండ్రుల ముందు, మా అవ్వ ముందు, నిండు గోదావరి ముందు. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నేనేం అనుకోను. మా ఇంట్లో ఈ కథకు నవ్వడం మొదలుపెట్టి ఐదారేళ్లయింది, ఇంకా ఎవరూ ఆపలేదు.

ముందు నా గొప్పలు వినండి. నా పేరు తిరుపతి. మా బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకు వచ్చింది. కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో ఎలక్ట్రీషియన్‌ని. అది కడుపు నింపే పని. నా అసలు విద్య వేరే ఉంది. గోదావరిఖనిలో ఏ హోటల్లో ఏం బాగుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మా ఊరు అలాంటిది మరి. బొగ్గు కోసం ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. వస్తూ వస్తూ ఎవరి పోపుడబ్బా వాళ్లు తెచ్చుకున్నారు. మలయాళీల మెస్సులో పుట్టు, బీహారీ బండి మీద బొగ్గుల్లో కాల్చిన లిట్టి, తమిళాయన ఇడ్లీ, దక్కనీవాళ్ల ఇళ్లనుంచి బగారా వాసన. బొగ్గు ఎవరు తవ్వినా నల్లగానే వస్తుంది గానీ, కూర మాత్రం ఎవరింట్లో వండితే ఆ రంగు పట్టుకుంటుంది. నా చిన్నప్పుడు ఎండాకాలంలో గోదావరి అంటే ఇసుకే. అవతలి ఒడ్డుకు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిపోయేవాళ్లం. తర్వాత కింద బ్యారేజీ కట్టారు, నీళ్లు నిలిచాయి. మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ మళ్లీ తెరిచారు. దాంతో ఎక్కడెక్కడి పనివాళ్లో మళ్లీ దిగారు. ఒడ్డున లైట్లు వెలిగాయి, సిమెంటు బెంచీలు వచ్చాయి, బెంచీల వెనక హోటళ్లు వచ్చాయి. ప్రతి హోటల్‌కూ మొదటి గిరాకీ నేనే. తిండిలో నాకు తెలియనిది లేదని నేను నమ్మాను. నలుగురికీ చెప్పి వాళ్లనూ నమ్మించాను. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

ఆ హోటళ్లలో ఒకటి మండల్ కాకది. ఆయన తాతలు బెంగాల్ నుంచి వచ్చి కాగజ్‌నగర్ దిక్కు ఒక ఊళ్లో నిలదొక్కుకున్నారు. ఫ్యాక్టరీ పనులు మొదలైనప్పుడు పనివాళ్లకు వంట చెయ్యడానికి ఈయన మా ఊరొచ్చాడు. తర్వాత ఒడ్డున ఒక రేకుల షెడ్డు వేసి చేపల హోటల్ పెట్టాడు. షెడ్డు వెనక గదిలోనే కాపురం. ఆయన ఒక్కగానొక్క కూతురు మౌ, దవాఖానలో నర్సు.

నేను మొదట చూసింది హోటల్ని కాదు, మౌని. డ్యూటీలో వేలు తెగితే కట్టు కట్టింది. వేలు మానిపోయాక కూడా నేను చాలాసార్లు కట్టు మార్పించుకున్నాను. చివరికి ఒకరోజు ఆమే అడిగింది.

"గీ వేలుకు ఏం కాలేదు. నీకేమన్న చెప్పాల్నని ఉంటె చెప్పు, దూది ఖరాబు చెయ్యకు."

చెప్పాను. ఆమె సరేనంది. ఇక మిగిలింది మా అవ్వ. అవ్వ అంటే మా అమ్మే, మా దిక్కు అలాగే పిలుస్తాం.

"ఎక్కడోళ్లురా వాళ్లు?" అంది అవ్వ.

"బెంగాలోళ్లు. పిల్ల కాగజ్‌నగర్ దిక్కే పుట్టింది, ఆడనే పెరిగింది. నా కన్న మంచిగ తెలుగు మాట్లాడ్తది."

"మాట సరే. తిండి ఎట్ల? రేపు నాకు జ్వరమొస్తె గట్క కాసి ఇస్తదా, చేపముల్లు ఇస్తదా?"

"రెండూ ఇస్తది అవ్వా."

"నువ్వు చెప్పుడు కాదు. నేను వాళ్లింట్ల ఒక పూట తినాలె. తిండి పెట్టే చెయ్యి చూస్తె మనిషి తెలుస్తది."

ఈ మాట నేను మౌకి చేరవేశాను. రెండు రోజుల తర్వాత మౌ కబురు తెచ్చింది. "బాబా నిన్నూ అవ్వనూ ఐతారం పగటికి భోజనానికి రమ్మన్నడు. హోటల్ బంద్ పెడ్తడట." బాబా అంటే వాళ్ల నాన్న. అంతటితో ఆగకుండా ఒక మాట అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో గంటలా మోగుతుంది.

"మా రివాజులు జర వేరే ఉంటయి. నీకు చెప్పాల్నా?"

"నాకు చెప్తవా?" అన్నాను. "మీ హోటల్‌ల నేను తిన్నన్ని సార్లు మీ ఇంట్లోళ్లు కూడా తినలేదు."

నిజమే, తిన్నాను. కాకపోతే హోటల్లో పళ్లెం నిండా అన్నీ ఒకేసారి పెట్టి ఇస్తారు. ఇంటికి పిలిచిన చుట్టానికి ఎలా పెడతారో నాకేం తెలుసు? తెలియదని తెలిస్తే అడిగేవాణ్ణి. తెలుసనుకున్నవాడికి చెప్పేవాడెవడు?

ఆ ఆదివారం మమ్మల్ని తీసుకెళ్లింది యూసుఫ్. రామగుండం స్టేషన్ దగ్గర మెకానిక్, నాకు బడి దోస్తు. బాగుచెయ్యడానికి వచ్చిన ఒక కారును "జర నడిపి చూడాలె" అనే సాకుతో తెచ్చాడు. అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ఎండ మండిపోతోంది. దారి పొడుగునా నేను అవ్వకు బెంగాలీ తిండి మీద ఉపన్యాసం ఇచ్చాను. యూసుఫ్ అద్దంలోంచి నా వంక చూసి, "అరె, నువ్వు తినెటందుకు పోతున్నవా, పరీక్ష రాసెటందుకా?" అన్నాడు.

మండల్ కాక గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తెల్లటి లుంగీ, ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెనతో దువ్విన జుట్టు. ఎప్పుడూ మసిబట్టతో తుడిచే బల్ల మీద ఆ రోజు పూల దుప్పటి పరిచి ఉంది. అవ్వకు రెండు చేతులూ జోడించి, "రా అక్కా" అన్నాడు. అంతకు మించి మాట రాలేదు. మనిషి బాగా బెదిరి ఉన్నాడని నాకు అర్థమైంది. నేను ఆయనకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వాను. చూడండి నా పెద్దరికం.

కూర్చున్నాం. మొదట అన్నం వచ్చింది. దాని పక్కన నాలుగు కాకరకాయ ముక్కలు. వేపినవి, అంతే.

అవ్వ నా చెవి దగ్గరికి వంగింది. "చుట్టాలకు కాకరకాయ పెడ్తరారా? ఇష్టం లేదని చెప్పుడా గిది?"

"వాళ్ల రివాజు. తిను," అన్నాను. నిజానికి అది వాళ్ల రివాజే. చేదుతోనే మొదలుపెడతారు. కానీ నేను నోటికొచ్చిన అబద్ధం చెబితే అది నిజమైంది. ఆ రోజంతటిలో నాకు కుదిరిన మంచిపని అదొక్కటే.

తర్వాత పప్పు వచ్చింది. సన్నగా తరిగి వేపిన ఆలుగడ్డ వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. మండల్ కాక చేతులు కట్టుకుని మా ముందు నిలబడి మేం తినడం చూస్తున్నాడు. బల్ల మీద ఇంకో గిన్నె లేదు. నేను అటు చూశాను, ఇటు చూశాను.

మనకు చుట్టం వస్తే ఏం చేస్తాం? ఉన్నవన్నీ ఒక్కసారే పళ్లెంలో పెడతాం, పళ్లెం కనబడకుండా పెడతాం. ఈయన పప్పు, ఆలుగడ్డ పెట్టి ఆగాడంటే ఉన్నది అంతే అన్నమాట. హోటల్ పెట్టి ఏడాది కూడా కాలేదు, ఎండాకాలం, గిరాకీ లేనట్టుంది. ఉన్నది ఊడ్చి పెట్టి, సరిపోతుందో లేదో అని బెంగగా చూస్తున్నాడు మనిషి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒట్టు.

"అవ్వా," అన్నాను మెల్లగా, "కడుపు నిండ తిను. వాళ్ల దగ్గర ఇంతే ఉన్నట్టున్నది. మిగిలిస్తె మనసు నొచ్చుకుంటది."

అవ్వ మొహం మెత్తబడింది. "పాపం," అంది. "గింత లేకున్న మనల్ని పిలిచిండు. మంచోడే." అని పప్పన్నం మరో ముద్ద కలిపింది.

యూసుఫ్‌కూ చెప్పాను. వాడు ముక్కు ఎగబీల్చాడు. "నాకు గట్ల అనిపిస్తలేదు. లోపట్నుంచి ఏదో జబర్దస్త్ వాసన వస్తున్నది."

"పక్క హోటల్ది అయ్యుంటది. నువ్వు తిను."

వాడు తినలేదు. నాలుగు మెతుకులు కెలికి ఊరుకున్నాడు. మెకానిక్ కదా, ఇంజను చప్పుడు పూర్తిగా వినకుండా ఏ బండి సంగతీ తేల్చడు.

నేను మాత్రం తేల్చేశాను. "కాకా, ఇంకింత అన్నం. పప్పు మస్తుగున్నది."

మండల్ కాక మొహం వెలిగిపోయింది. వడ్డించాడు. తిన్నాను. మళ్లీ అడిగాను. ఆయన లోపలికి కేకేసి బెంగాలీలో ఏదో చెప్పాడు. మౌ వాళ్లమ్మ, రేఖ అత్త, గిన్నె పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. మళ్లీ తిన్నాను. నేను ఎంత తింటే ఆయన పేదరికం అంత తగ్గుతుందన్నట్టు తిన్నాను. వంటింటి తలుపు దగ్గరనుంచి మౌ కళ్లతో ఏదో సైగ చేసింది. వద్దు, ఆగు అని. నేను దాన్ని సిగ్గుపడుతున్న పిల్ల సైగ అనుకుని ఇంకో గరిటె వేయించుకున్నాను. చివరికి నా కడుపు లోడెక్కిన టిప్పరులా బరువెక్కి, ఊపిరి తీస్తే చొక్కా గుండీలు గోల పెట్టే స్థితికి వచ్చింది.

అప్పుడు మండల్ కాక చేతులు తుడుచుకుని, సంతోషంగా అన్నాడు.

"ఇగ మొదలు పెడ్దామా?"

నేను ఆయన వంక చూశాను. లోపలినుంచి గిన్నెలు బయలుదేరాయి. బఠానీలు వేసిన క్యాబేజీ. వేపిన చేప. ఆవపిండి పట్టించిన చేప. అవి ఒకదాని వెనక ఒకటి, బొగ్గు వ్యాగన్లలా వస్తున్నాయి. ఒకటి ఖాళీ అయితేగానీ ఇంకోటి రాదు. అదీ వాళ్ల పద్ధతి. పప్పన్నం అంటే వాళ్లకు భోజనం కాదు, భోజనానికి గేటు. నేను గేటు దగ్గరే కాపురం పెట్టాను.

"గిన్ని వండిన్రా," అంది అవ్వ. ఆ గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువ వినిపించింది. నా తొడ మీద గట్టిగా గిల్లింది. "ఏమీ లేదన్నవు గదరా."

యూసుఫ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "చెప్పిన గద," అని చేప మీద పడ్డాడు.

నేను ఎలాగో ఒక్కో ముక్క నోట్లో పెట్టుకుని, నీళ్లు తాగి కిందికి తోశాను. ఇక అయిపోయిందనుకున్నప్పుడు వంటింట్లో అలికిడి ఆగిపోయింది. మండల్ కాక బయటికొచ్చాడు. ఆయన చేతుల్లో ఒక వెడల్పు గిన్నె. వెనక తల మీద కొంగు కప్పుకుని రేఖ అత్త. తలుపు దగ్గర మౌ, తల వంచుకుని.

గిన్నెలో బొచ్చె చేప తలకాయ ఉంది. మామూలు తలకాయ కాదు. చిన్నపిల్లాడి టోపీ పెట్టొచ్చు, అంత ఉంది. మండల్ కాక దాన్ని రెండు చేతులతో ఎత్తి నా పళ్లెంలో పెట్టాడు. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, నా మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు.

తలకాయ నన్ను చూసింది. నేను తలకాయను చూశాను. మా ఇద్దరిలో ఎవరికీ బతికే ఆశ లేదు.

సరిగ్గా అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. నిండిన కడుపు మర్యాద ఎరుగదంటారు, ఎవరూ అనకపోతే ఇప్పుడు నేనంటున్నాను. మా ఇంట్లో పెద్ద ముక్కను వెంట తెచ్చిన దోస్తుకు పెడతాం. యూసుఫ్‌కు చేప తలకాయంటే ప్రాణం. ఇస్తే మర్యాదకు మర్యాద, నాకు ప్రాణం దక్కుతుంది.

"నా కన్న యూసుఫ్‌కు ఇష్టం కాకా," అన్నాను. "ఎండల గంత దూరం బండి నడుపుకుంట వచ్చిండు." అని రెండు చేతులతో ఎత్తి, భక్తిగా, వాడి పళ్లెంలో పెట్టాను.

పిలిచి పిల్లనిస్తామంటే కులం తక్కువన్నాడట వెనకటికొకడు. నేను కడుపు నిండిందన్నాను.

రేఖ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మౌ తలెత్తి నన్ను చూసిన చూపులో దవాఖానలో ఉన్న సూదులన్నీ ఉన్నాయి. మండల్ కాక మాత్రం కదలలేదు. యూసుఫ్ తలకాయను అటూ ఇటూ తిప్పి, ముల్లూ మూలగా వదలకుండా పీల్చేస్తుంటే వాడి వంకే చూశాడు. తర్వాత వాడి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నీ పేరేంది బాబు?"

"యూసుఫ్, చాచా."

"ఏం పని చేస్తవు?"

"మెకానిక్. సొంత షెడ్డు ఉన్నది."

"పెండ్లయిందా?"

"ఇంక లేదు చాచా. ఇంట్ల చూస్తున్నరు." వాడు వేళ్లు నాకుతూ నవ్వాడు. "ఖానా మాత్రం జబర్దస్త్ ఉన్నది."

నా దోస్తు ఇంత తొందరగా ఆ ఇంట్లో కలిసిపోయాడని నేను మురిసిపోయాను. కాబోయే మామ ఎంత కలుపుగోలు మనిషో అనుకున్నాను. "మంచి పిలగాడు కాకా," అని నా వంతు సిఫారసు కూడా చేశాను.

చివరికి మట్టికుండలో తీపి పెరుగు వచ్చింది. అవ్వ కుండ చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దన్నా. చేపల మీద పెరుగు తింటె బొల్లి మచ్చలొస్తయి. మేం తినం."

మండల్ కాక కుండ మెల్లగా బల్ల మీద పెట్టాడు. బయటికి నడిచి, ఒడ్డున సిమెంటు బెంచీ మీద, మాకు వీపు పెట్టి, ఎండలోనే కూర్చున్నాడు.

"చేతులు కడుక్కుందువు రా," అంది మౌ. షెడ్డు పక్కన నీళ్ల డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లింది. నేను చేతులు కడుక్కుంటూ, "భోజనం మంచిగ అయింది గద," అన్నాను.

"తలకాయ ఎందుకిచ్చినవ్?"

"కడుపుల జాగ లేదు మౌ. యూసుఫ్‌కు ఇష్టమని..."

"మా ఇండ్లల్ల చేప తలకాయ అల్లునికి పెడ్తరు." అంది ఆమె. "పొద్దుగాల చీకట్ల లేసి బెస్తోళ్ల కాడికి పోయి ఏరుకొని తెచ్చిండు బాబా. అది నీ పళ్లెంల పెట్టిండంటే నిన్ను అల్లుణ్ణి చేసుకుంటున్న అని. నువ్వు దాన్ని తీసి యూసుఫ్ అన్నకిచ్చినవ్. నన్ను వద్దనుడు కాదు తిరుపతి. నన్ను తీసి నీ దోస్తుకు ఇచ్చినవ్."

చెంబు నా చేతిలోంచి జారి డ్రమ్ములో పడింది. మండల్ కాక వాణ్ణి అడిగిన ప్రశ్నలు ఒకటొకటిగా గుర్తొచ్చాయి. పేరేంది. పని ఏంది. పెండ్లయిందా. మంచి పిలగాడు కాకా.

పరిగెత్తి బల్ల దగ్గరికి వచ్చాను. "తలకాయ వాపస్ ఇయ్యిరా," అన్నాను యూసుఫ్‌తో.

"ఎట్ల ఇయ్యాలె? కడుపుల ఉన్నది." సంగతి చెప్పగానే వాడి మొహం పాలిపోయింది. పళ్లెంలోని ముళ్ల వంక చూసి కుర్చీ వెనక్కి జరిపాడు. "తోబా. మౌ నాకు చెల్లెరా. ముందుగాల చెప్పద్దా? నేను ఆ బుగ్గ ముక్క దాక తిన్న."

అవ్వ ఇద్దరి మాటలూ వింది.

నేను ఒడ్డుకు వెళ్లి మండల్ కాక ముందు నిలబడ్డాను. దారిలో మంచి మాటలు చాలా కూడబలుక్కున్నాను గానీ, నోరు తెరిస్తే వచ్చింది ఒకటే.

"కాకా, తలకాయ నాకే కావాలె."

"చేపకు ఒక్కటే తలకాయ ఉంటది బాబు," అన్నాడాయన నది వంక చూస్తూ. మళ్లీ అన్నాడు. "మా పెద్దమనుషులు ఎవరూ గీడ లేరు. మీ దిక్కు పిల్ల మాట ఎట్ల మొదలు పెడ్తరో నాకు తెల్వది. తెలుగుల అడిగితె తప్పు పోతదేమో అని భయం. చేపతోని అడిగిన. ఇష్టం లేకుంటె వద్దని చెప్పచ్చు. గట్ల చెయ్యద్దు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకునే జాగా కూడా లోపల లేదు. "నాకు తెల్వది కాకా. తెల్సని మీ బిడ్డతోని గొప్పలు చెప్పిన. నీ దగ్గర పప్పొక్కటే ఉన్నదనుకున్న. మిగిలిస్తె నువ్వు బాధ పడ్తవని, పానం పోతున్న తిన్న. తలకాయ వచ్చెసరికి ఒక్క మెతుకు పట్టలేదు. మౌని కాదంటనా? మౌ కోసమే గద గంత పప్పు తిన్న."

ఆయన తిరిగి నా పొట్ట వంక చూశాడు. ఆ చూపు అక్కడే కొంచెంసేపు ఆగింది.

అప్పుడు వెనకనుంచి అవ్వ వచ్చింది. చేతిలో పెరుగు కుండ. బెంచీ మీద మండల్ కాక పక్కన కూర్చుని కుండ ఒళ్లో పెట్టుకుంది. చెంచా ముంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకోటి.

"అక్కా, మచ్చలొస్తయంటివి," అన్నాడాయన కంగారుగా. "ఏం కావు. మా ఊళ్లె అందరం తింటం."

"కావని తింటలేనన్నా. వస్తె రానీ అని తింటున్న." అవ్వ కుండ దించలేదు. "నా కొడుకు మొద్దు. వాళ్ల బాపు కూడ గంతే, మా ఇంటికి పిల్లను చూడ వచ్చి మా మేకను చూసి పోయిండు. ఏదైతె చెయ్యి చూద్దమని వచ్చిన్నో, ఆ చెయ్యి చూసిన. నీ బిడ్డను నాకియ్యి. మంచిగ చూసుకుంట."

మండల్ కాక లుంగీ అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టాడు. షెడ్డు గుమ్మంలో రేఖ అత్త, ఆమె భుజం పట్టుకుని మౌ, వాళ్ల వెనక దొంగలా యూసుఫ్. నవ్వు వాళ్లకూ అంటుకుంది. మౌ నవ్వడం చూశాక నాకు ఊపిరి ఆడింది.

"తలకాయ అయిపోయింది," అన్నాడు మండల్ కాక. "తోక ఉన్నది. తింటవా?"

తిన్నాను. నిలబడి, బెల్టు వదులు చేసుకుని, ముళ్లతో సహా తిన్నాను. అల్లుడిగా నా సర్వీసు తోక దగ్గరనుంచి మొదలైంది.

అవ్వ ఆ తర్వాత కొన్నాళ్లపాటు రోజూ పొద్దున్నే చేతులు వెలుతురులో పెట్టి మచ్చల కోసం వెతుక్కుంది. ఒక్కటీ రాలేదు. ఇప్పుడు ఆదివారం తీపి పెరుగు రాకపోతే వియ్యంకుడికి ఫోన్ చేసి, "ఏందన్నా, మర్చిపోయినవా?" అని అడుగుతుంది.

మా పెళ్లి విందులో మండల్ కాక, అప్పటికి మామ, రెండు బొచ్చె తలకాయలు తెచ్చాడు. ఒకటి నా పళ్లెంలో పెట్టాడు. రెండోది నేరుగా తీసుకెళ్లి యూసుఫ్ పళ్లెంలో పెట్టాడు.

"గిదేంది మామా?" అన్నాను.

"ఒక్కసారి నా ఇంట్ల తలకాయ తిన్నోడు నా అల్లుడే. పెట్టింది నువ్వే, నేను తీస్తనా?"

యూసుఫ్‌కు తర్వాత నిఖా అయింది, పాప పుట్టింది. అయినా ఎండాకాలంలో వచ్చే వాళ్ల అల్లుళ్ల పండుగకు మామ ఇద్దరికీ కబురు పెడతాడు, ఇద్దరికీ బట్టలు పెడతాడు, ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెడతాడు. మొదటి ఏడాది చూసి, రెండో ఏడాది చూసి, మూడో ఏడాది ఇక ఉండబట్టలేక అడిగాను. "మామా, పెద్ద తలకాయ ఎప్పుడూ యూసుఫ్‌కే పెడ్తవేంది?"

మామ గరిటె పక్కన పెట్టాడు. ఆయన కూడా ఇన్నేళ్లుగా మా బొగ్గు ఊళ్లోనే ఉంటున్నాడని నేను మర్చిపోయాను.

"సీనియారిటీ బిడ్డా," అన్నాడు. "ముందుగాల జాయినైంది ఆయననే గద."

కనుక పాఠకులారా, నిండు గోదావరిని సాక్షిగా పెట్టుకుని, కుడిచెయ్యి కడుక్కుని మరీ ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా, "ఇంక ఏమేం ఉన్నయి?" అని సిగ్గు విడిచి అడిగిన తర్వాతే మొదటి ముద్ద కలుపుతాను. నా పళ్లెంలో తలకాయ పడినా, తోక పడినా, మౌ పెట్టే చివాట్లు పడినా, అన్నీ నేనే తింటాను. దోస్తులకు పంచను.